రోడ్డు మీదికి ఒరిగిన చింతచెట్టు: పడగొట్టకండి, దించండి

ప్రశ్న: సార్, నేను కూకట్‌పల్లిలో ఉంటాను. మా ఊరు శంకర్‌పల్లి మండలంలో ఉంది. ఊరి రోడ్డుకూ మా పొలానికీ మధ్య ఒక పెద్ద చింతచెట్టు ఉంది. మొదలు చుట్టుకొలత తొమ్మిది అడుగులు. మా తాతల నాటిదంటారు. మూడేళ్ల కిందట చెట్టుకూ పొలానికీ మధ్య నీళ్ల పైపులైను కోసం కాలువ తవ్వారు. ఉగాది ముందు వచ్చిన గాలివానకు చెట్టు రోడ్డు మీదికి ఒరిగినట్టుంది. పొలం వైపు మొదట్లో నేల పగిలింది. కరెంటు స్తంభాలు కూడా పొలం వైపే ఉన్నాయి, పైన మూడు తీగలు పోతాయి. చెట్టు కింద పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడతారు. సర్పంచ్‌ను అడిగితే "మీ గట్టు మీదిదే కదా, మీరే చూసుకోండి" అన్నారు. కట్టెల వ్యాపారి ఒకాయన ఎనిమిది వేలు తానే ఇచ్చి, ఆదివారం కొట్టుకుపోతానంటున్నాడు. ట్రాక్టర్‌తో పొలం వైపు లాగి పడేస్తాడట. లైన్‌మన్‌తో మాట్లాడి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజులు కూడా తీయిస్తాడట. అమ్మ మాత్రం చెట్టు మీద చెయ్యి వేయొద్దంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆదివారం పని ఆపేయండి. వ్యాపారికి ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఆయన మంచివాడే కావచ్చు, నా భయం ఆయన గురించి కాదు. ఆ చెట్టును ఒక్కసారిగా పడగొట్టడానికి అక్కడ చోటు లేదు. ఇటు పడితే రోడ్డు, అటు పడితే తీగలు. అలాంటి చెట్టును పడగొట్టరు, పైనుంచి ముక్కలు ముక్కలుగా కిందికి దించుతారు. ఆ పని ఒక్క ఆదివారంలో, ఒక ట్రాక్టరు, ఒక మోకుతో అయ్యేది కాదు.

అంతకంటే ముందు చేయాల్సింది పిల్లలను అక్కడి నుంచి జరపడం. స్కూలుకు ఫోన్ చేయండి, డ్రైవర్‌తో కూడా మాట్లాడండి, బస్సు ఎక్కే చోటు మార్పించండి. చెట్టు ఎంత ఎత్తు ఉందో దానికి రెండింతల దూరం అవతలికి మార్చాలి. ఎత్తు ఎలా కొలవాలంటారా? ఒక కర్ర తీసుకోండి. చెయ్యి ముందుకు చాపితే కంటి నుంచి పిడికిలి దాకా ఎంత ఉంటుందో, పిడికిలి పైన అంతే పొడవు కర్ర నిలువుగా ఉండాలి. చెట్టును చూస్తూ వెనక్కి నడవండి. పిడికిలి చెట్టు మొదలుకు, కర్ర కొస చెట్టు కొసకు సరిగ్గా కుదిరిన చోట ఆగండి. అక్కడి నుంచి చెట్టు దాకా ఎన్ని అడుగులో చెట్టు ఇంచుమించు అన్ని అడుగులు. యాభై అడుగుల చెట్టయితే బస్సు నూరు అడుగుల అవతల ఆగాలి. నీడకు ట్రాక్టర్లు పెట్టేవాళ్లు, కూరగాయలు అమ్ముకునేవాళ్లు ఉంటే వాళ్లకూ చెప్పండి. చెట్టుకు రెండు వైపులా ఎర్ర గుడ్డలు కట్టండి.

ఇంకో పని. గాలి లేని పూట చూసుకుని, నేల పగిలిన చోట పగులుకు అటొకటి ఇటొకటి రెండు పొడవాటి మేకులు దిగ్గొట్టండి. వాటి మధ్య దూరం టేపుతో కొలిచి తేదీ వేసి రాసుకోండి. రెండు రోజులకోసారి, గాలివాన వచ్చిన ప్రతిసారీ మళ్లీ కొలవండి. మీరు ఊళ్లో ఉండరు కాబట్టి ఈ పని ఎవరికైనా అప్పజెప్పండి, ఫొటో పంపమనండి. దూరం మారకపోతే కాగితాల పని పద్ధతిగా చేసుకునే టైమ్ మీకుంది. ఏ కొంచెం పెరిగినా ఆగొద్దు. వెంటనే 112కు ఫోన్ చేసి రోడ్డు ఆపించండి, తహసీల్దార్‌కు చెప్పండి.

ఇప్పుడు అమ్మగారి మాట. ఆమె వద్దంటున్నారని కొట్టిపారేయకండి. పాత చెట్టు ఒరిగిందనగానే నరికేయడం మన దగ్గర పెద్ద అలవాటైపోయింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లంటారు. చెదలు తిని, 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడింది. దాన్ని వదిలేయలేదు. 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు చుక్కలు చుక్కలుగా ఎక్కించారు, బరువైన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టి ఆసరా ఇచ్చారు. మీ పక్కనే చేవెళ్ల దారిలో తొమ్మిది వందల దాకా ఉన్న మర్రిచెట్ల కోసం జనం ఏళ్ల తరబడి గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్లి కొట్లాడారు. నేను కూడా నా జీవితంలో కొట్టించిన చెట్ల కంటే కొట్టొద్దని ఆపించినవే ఎక్కువ. కాబట్టి మీ చెట్టు గురించి కూడా ముందు బతికించే దారి ఉందా అనే చూశాను.

అన్ని ఒరుగుళ్లూ ఒకటి కావు. కొన్ని చెట్లు చిన్నప్పుడే ఒరుగుతాయి, తరువాత పైభాగం వెలుతురు వైపు తిరిగి నిటారుగా పెరుగుతుంది. మొదలు విల్లులా వంగి ఉంటుంది. అలాంటివి వంద గాలివానలను తట్టుకుంటాయి. మీది అలా లేదు. నిన్నటిదాకా నిలువుగా ఉండి ఒక్క గాలికి ఒరిగింది, ఒరిగిన వైపుకు వెనక నేల పగిలింది. అంటే వేళ్లు పట్టు వదిలి లేస్తున్నాయన్నమాట. కరెంటు స్తంభానికి వెనక స్టే తీగ ఉంటుంది కదా, చెట్టు రోడ్డు మీదికి పడకుండా పొలం వైపు వేళ్లు అదే పని చేస్తాయి. మూడేళ్ల కిందట పైపు కోసం కాలువ తవ్వినప్పుడు ఆ స్టే తీగనే కోసేశారు. చెట్టు వెంటనే పడదు. తెగిన వేరు నెమ్మదిగా కుళ్లుతుంది, పైన ఆకు పచ్చగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

దానికి తోడు తీగలు పొలం వైపు ఉన్నాయన్నారు. అంటే ఏటా వానాకాలం ముందు కరెంటు వాళ్లు వచ్చి ఆ వైపు కొమ్మలు కొట్టి పోతుంటారు. తీగలకు అది అవసరమే. కానీ ఏళ్ల తరబడి ఒక్క వైపే కొడితే బరువంతా రెండో వైపుకు, మీ విషయంలో రోడ్డు మీదికి చేరుతుంది. వెనక పట్టు పోయింది, ముందు బరువు పెరిగింది.

మొదలు కూడా ఒకసారి చూడండి. చెక్క సుత్తితోనో రోకలితోనో నడుము ఎత్తులో చుట్టూ మెల్లగా తట్టండి. గట్టి చోట మొద్దు శబ్దం వస్తుంది, డొల్ల చోట డప్పులా మోగుతుంది. పాత చింతల్లో డొల్ల మామూలే. మొదట్లో విసనకర్ర ఆకారంలో గట్టి పుట్టగొడుగులు ఉన్నాయేమో చూడండి, ఉంటే లోపల వేరు కుళ్లుతున్నట్టే. ఎవరైనా మొదట్లో చెత్త కాల్చిన మచ్చలున్నాయా అన్నదీ గమనించండి. డొల్ల ఒక్కటే అయితే భయపడక్కర్లేదు. చుట్టూ గట్టి కట్టె తగినంత ఉంటే డొల్ల చెట్టు కూడా నిలబడుతుంది. వేరు లేవడం వేరే సంగతి. కొమ్మల బరువు తగ్గిస్తే ఒకటి రెండేళ్లు ఆగుతుందేమో గానీ, పిల్లలు నిలబడే రోడ్డు పక్కన ఆ ధైర్యం నేను చేయను. మీ చెట్టు తీయాల్సిందే. ఈ మాట అమ్మగారికి మీరే, ఆ పగులు చూపించి చెప్పండి. ఫోన్‌లో చెప్పకండి.

సర్పంచ్ గారు "మీదే కదా" అన్నంత మాత్రాన అది మీదైపోదు. మొదలు ఎవరి నేలలో ఉందన్నదే లెక్క. గట్టు మీద ఉన్నట్టు కనిపించినా రోడ్డు హద్దు మనం అనుకునే దానికంటే లోపలికి ఉండొచ్చు. తారు వేసిన మేరే రోడ్డు కాదు. మండల సర్వేయర్‌తో కొలిపించుకోండి. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ఆ చెట్టు చింతకాయ ఇన్నేళ్లు ఎవరు దులుపుకున్నారు? పంచాయతీ వేలం వేసి ఉంటే ఆ రికార్డు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటుంది, అప్పుడు సర్పంచ్ గారు మీదని అనలేరు.

రోడ్డు హద్దులో ఉంటే చెట్టు రోడ్డు ఎవరిదో వాళ్లది. పంచాయతీరాజ్ రోడ్డయితే ఆ శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్), ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డయితే వాళ్ల ఏఈకి రాయాలి. కట్టె కూడా వాళ్లదే, వేలం వేసుకుంటారు. అలాంటి చెట్టుకు మీరు ఎనిమిది వేలు తీసుకుంటే సర్కారు సొత్తు అమ్ముకున్నట్టవుతుంది. మీ పట్టా భూమిలో ఉన్నా సరే, వాల్టా అని అందరూ పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద కొట్టే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడగండి. కట్టె లారీలో పోవడానికి పర్మిట్ సంగతి కూడా అక్కడే తేలుతుంది. వ్యాపారి "అవన్నీ నేను చూసుకుంటా" అంటే ఆ కాగితం మీ చేతికి ఇవ్వమనండి.

అర్జీ పొడుగ్గా రాయొద్దు. చెట్టు ఏ రోడ్డు మీద, ఏ సర్వే నంబర్ పక్కన ఉంది, ఎప్పుడు ఒరిగింది, నేల పగులు ఎన్ని అంగుళాలు, పక్కన కరెంటు లైను, పిల్లలు బస్సెక్కే చోటు. ఇవి చాలు. ఒరిగిన తీరు తెలిసేలా దూరం నుంచి ఒక ఫొటో, టేపు పెట్టి పగులు ఫొటో ఒకటి జోడించండి. ఒక కాపీ రోడ్డు ఏఈకి, ఒకటి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి కరెంటు సెక్షన్ ఆఫీసుకు ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు. వారం పది రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి. సిటీలో అయితే గాలివానకు చెట్టు పడితే డీఆర్ఎఫ్ (విపత్తు సహాయ దళం) వాళ్లు మిషన్లతో వచ్చి తీస్తారు. ఊళ్లో మన వెంటపడటం మీదే పని నడుస్తుంది.

కరెంటు గురించి కాస్త నెమ్మదిగా చదవండి, ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజులు తీయిస్తానని వ్యాపారి అన్నాడు. ఆ ఫీజులు తీస్తే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు, మోటార్లకు పోయే తీగల్లో కరెంటు ఆగుతుంది. మీరు చెప్పిన, స్తంభం పైన పోయే ఆ మూడు తీగలు చాలా మటుకు 11 కేవీ లైను, అంటే 11,000 వోల్టులు. అది ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైను. ఫీజు తీసినా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏబీ స్విచ్ (దానికి వచ్చే కరెంటును ఆపే హ్యాండిల్) దించినా మీ చెట్టు పక్కన పోయే లైనులో కరెంటు అలాగే ఉంటుంది. ఇంట్లో లైటు ఆరింది కదా అని మనిషి చెట్టెక్కుతాడు. ఆ తీగలకు పైన తొడుగేమీ ఉండదు. పచ్చి కొమ్మ తగిలితే చాలు, నీరున్న కట్టె గుండా కరెంటు వస్తుంది.

పాత రోజుల్లో పొలాలకు త్రీ ఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలే ఉండేది, అందుకే "త్రీ ఫేజ్ పోయాక కొడదాం" అనుకునేవాళ్లు. అప్పుడూ అది తప్పే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక ఆ అంచనాకు అసలు అర్థమే లేదు.

సరైన పద్ధతి ఎల్‌సీ, అంటే లైన్ క్లియరెన్స్ తీసుకోవడం. సెక్షన్ ఏఈకి అర్జీ ఇచ్చి, రోజు, టైమ్ రాయించుకోవాలి. ఆ రోజు సబ్‌స్టేషన్‌లో లైను ఆపుతారు, ఎల్‌సీ ఎవరి పేరు మీద ఉందో రాస్తారు. లైన్‌మన్ వచ్చి లైనులో కరెంటు లేదని పరీక్షించి, మీరు పని చేసే చోటికి రెండు వైపులా తీగలను భూమికి కలిపే రాడ్లు తగిలించాలి. సబ్‌స్టేషన్‌లో ఆపాక కూడా రాడ్లు ఎందుకని కొందరు విసుక్కుంటారు. ఎవరింట్లోనో జనరేటరో ఇన్వర్టరో తప్పుగా కలిపి ఉంటే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి ఎక్కి పైతీగల్లోకి వస్తుంది. ఆ రాడ్డు ఒక్కటే అప్పుడు కాపాడేది. లైన్‌మన్ పని అయ్యేదాకా అక్కడే ఉండాలి. చివరి మనిషి కిందికి దిగి, మోకులు, కొమ్మలు అన్నీ తీగలకు దూరం అయ్యాకే ఎల్‌సీ వాపస్ ఇవ్వాలి. ఫోన్‌లో "ఆపేశాం, కానివ్వండి" అనే మాట మీద ఎవరినీ ఎక్కించొద్దు. లైన్‌మన్ మీకు ఎంత తెలిసినవాడైనా సరే, అలా ఒప్పుకుంటే ఆయన ప్రాణమూ అందులోనే ఉంది. టీజీఎస్పీడీసీఎల్ నంబర్ 1912. తీగ తెగిపడినా, కొమ్మ తీగ మీద ఒరిగినా వెంటనే దానికే చేయండి, దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి.

ఇక కోత. ట్రాక్టర్‌తో పొలం వైపు లాగుతానన్నాడు కదా. చెట్టు ఒరిగింది రోడ్డు వైపు, పొలం వైపు వేళ్లు తెగి ఉన్నాయి. దాని బరువుకు ఎదురుగా లాగాలి, అదీ తీగల మీదుగా. మోకు తెగితే చెట్టు రోడ్డు మీదికి పోతుంది. మోకు ఆగితే తీగల మీద పడుతుంది. మోకు పొడవు చెట్టు ఎత్తు కంటే తక్కువైతే ట్రాక్టర్ మీదే పడుతుంది. ఏది జరిగినా నష్టమే.

మామూలుగా ఖాళీ పొలంలో గట్టి చెట్టును ఎలా పడేస్తారో తెలిస్తే మీ చెట్టుకు అది ఎందుకు కుదరదో అర్థమవుతుంది. పడాల్సిన వైపు మొదట ఒక ముక్కోణం గాటు తీస్తారు, మొద్దు మందంలో నాలుగో వంతు లోతు. తరువాత వెనక నుంచి కోసుకుంటూ వస్తారు, కానీ పూర్తిగా కోయరు. మధ్యలో మందంలో పదో వంతు కట్టె అడ్డంగా వదిలేస్తారు. తలుపుకు బందు ఎలాగో చెట్టుకు ఆ కట్టె అలాగ. చెట్టు దాని మీద తిరిగి, అనుకున్న వైపే మెల్లగా వాలుతుంది. మీ చెట్టు మందం మూడడుగులకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి మూడు మూడున్నర అంగుళాల గట్టి కట్టె బందుగా నిలవాలి. లోపల డొల్ల అయితే ఆ బందుకు కట్టెక్కడుంది? పైగా బాగా ఒరిగిన చెట్టు వెనక కోత సగంలో ఉండగానే మొద్దు నిలువునా చీలి, వెనక భాగం మనిషి ఛాతీ ఎత్తుకు ఎగిరి తంతుంది. మిషన్ పట్టుకున్నవాడికి తప్పుకునే టైమే ఉండదు. ఊళ్లో దొరికే చైన్ సాలకు (కోత మిషన్లకు) బ్లేడు చాలా మటుకు మూడడుగుల కంటే బాగా పొట్టిగా ఉంటుంది, మూడడుగుల మొద్దును రెండు వైపుల నుంచి కోయాలి. రెండు కోతలు కలవకపోతే బందు ఒక పక్క మాయమై చెట్టు గిర్రున తిరుగుతుంది.

అందుకే పైనుంచి దించడం. మంచి ముఠా ఎలా చేస్తుందో చెబుతాను, మీరు దగ్గరుండి గమనించడానికి, మీరు చేయడానికి కాదు. ముందు రోజు చెట్టంతా చూసుకుంటారు. పెద్ద తేనెపట్టు ఉందా, తొర్రలో పాము ఉందా, గూళ్లలో పిల్లలున్నాయా, ఎండిన కొమ్మ ఎక్కడైనా చిక్కుకుని వేలాడుతోందా. మిషన్ మోతకు తేనెటీగలు లేస్తే పైనున్న మనిషికి దిగే దారి ఉండదు, కాబట్టి పట్టు ఉంటే ముందే తేనె తీసేవాళ్లను పిలవాలి. కూలిపోయే చెట్టు కాబట్టి మనిషి దాని మీదికి ఎక్కకూడదు. వేరే దన్ను మీద నిలబడాలి, అంటే మనిషి నిలబడే తొట్టి ఉన్న బండి కావాలి. కరెంటు వాళ్ల దగ్గర, వీధిలైట్లు వేసేవాళ్ల దగ్గర అలాంటివి ఉంటాయి. జేసీబీ తొట్టిలో మనిషిని నిలబెట్టి ఎత్తడం ఊళ్లలో రోజూ చూస్తాం. ఆ తొట్టి మట్టి కోసం చేసింది, డ్రైవర్ చెయ్యి కొద్దిగా కదిలినా మనిషి కింద ఉంటాడు. ఒప్పుకోకండి.

తాటిచెట్లు ఎక్కేవాళ్లను పిలుద్దామని ఎవరైనా అంటారు. గీత కార్మికుల నేర్పు గొప్పది, 2024 నుంచి కాటమయ్య రక్షణ కిట్లు కూడా ఇస్తున్నారు. కానీ తాటిచెట్టుకు కొమ్మలుండవు. కొమ్మ తెగినప్పుడు అది ఎటు ఊగుతుంది, మిగిలిన కొమ్మ ఎటు లేస్తుంది అన్నది వేరే విద్య.

ఆ విద్య తెలియక మా మేనమామ నడుము విరగ్గొట్టుకున్నాడు. వేపకొమ్మకు నిచ్చెన ఆనించి, ఆ కొమ్మ చివరనే కోశాడు. చివర బరువు తెగిపడగానే తేలికైన కొమ్మ జానెడు పైకి లేచింది. నిచ్చెనకు ఆధారం పోయింది. ఆయన కోత తప్పు కాదు, నిచ్చెన ఆనించిన చోటే తప్పు. పద్నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు, మళ్లీ పొలం దున్నలేదు. కింద నిచ్చెన పట్టుకున్నది నేనే, అప్పుడు నాకు పదిహేడేళ్లు. అందుకే ఈ విషయం మీద నా గొంతు కాస్త పెద్దదవుతుంది.

కొమ్మ బరువు కంటికి తెలియదు. అడుగు మందం, పది అడుగుల పొడవున్న పచ్చి చింతకొమ్మ రెండు క్వింటాళ్లు దాటుతుంది. మాంసం కొట్టే మొద్దుకు చింతనే ఎందుకు వాడతారో మీకు తెలుసు కదా, అంత చిక్కని కట్టె. ఇలాంటి కొమ్మను ఊరికే వదిలితే తారు రోడ్డు పగులుతుంది. పైన మోకుకట్టి, హైడ్రా క్రేన్‌కు తగిలించి, బరువు హైడ్రా మీదికి వచ్చాక కోసి, మెల్లగా దించాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. పద్నాలుగు టన్నుల హైడ్రా అంటే బూమ్ (దాని పొడవాటి చెయ్యి) చాచిన చివరన పద్నాలుగు టన్నులు ఎత్తుతుందని కాదు. దూరం చాచే కొద్దీ మోసే బరువు బాగా తగ్గిపోతుంది. ఎంత దూరానికి ఎంత అన్న పట్టీ బండిలోనే ఉంటుంది, ఆపరేటర్‌ను చూపించమనండి. చిన్న ముక్కలు చేస్తే టైమ్ పడుతుంది, పట్టనివ్వండి. ఏ కొమ్మనైనా ముందు కింది వైపు కొద్దిగా గాటు పెట్టి, తరువాత పైనుంచి కోయాలి. లేకపోతే సగం తెగాక బరువుకు చీలి, తొక్కతో సహా మొద్దు దాకా లాక్కుపోతుంది. రోడ్డు వైపు బరువు ముందు తగ్గించాలి. చివరికి ఎనిమిది పది అడుగుల మోడు మిగులుతుంది, దాన్ని కూడా హైడ్రాకు కట్టే కోస్తారు.

ముఠాను మాట్లాడుకునేటప్పుడు హెల్మెట్, కళ్లకు అద్దం, మిషన్ పట్టేవాడి కాళ్లకు కోత తగలని తొడుగు, నడుముకు బెల్టు ఉన్నాయా అని మొహమాటం లేకుండా అడగండి. చెప్పులతో, లుంగీ ఎగ్గట్టి వచ్చేవాళ్లను వెనక్కి పంపండి. మందు వాసన వస్తే ఆ రోజు పని లేదనండి. ప్రమాదం జరిగితే పని ఇచ్చిన మిమ్మల్ని కూడా పోలీసులు అడుగుతారు, కానీ అంతకంటే, పొద్దున మీ ఇంట్లో చాయ్ తాగిన పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోవాలి కదా.

రోడ్డు ఆపడం పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పి చేయాలి. అంగడి రోజు వద్దు. ఆదివారం కూడా వద్దనే అంటాను, ఆ రోజు సిటీ కార్లు శంకర్‌పల్లి వైపు ఎక్కువ తిరుగుతాయి. బడి బస్సులు పోయాక, గాలి లేవక ముందు మొదలుపెట్టండి. మధ్యాహ్నం మబ్బు పట్టి గాలి మొదలైతే ఏ ముక్క సగంలో ఉందో దాన్ని దించి ఆపేయాలి. చెట్టుకు రెండు వైపులా మలుపు కంటే ముందే, బండి బ్రేకు వేసి ఆగేంత దూరంలో ఎర్రజెండా పట్టుకున్న మనుషులుండాలి. వాళ్లు చెట్టు వైపు చూడకూడదు, రోడ్డు వైపే చూడాలి. ఊళ్లో పెద్ద చెట్టు దించుతున్నారంటే సగం ఊరు సెల్‌ఫోన్లతో వచ్చేస్తుంది. నేను చూసిన చోట్లన్నీ ఆ జనాన్ని ఆపడమే అన్నిటికంటే కష్టమైంది. తాడు కట్టి, గొంతు ఉన్న పెద్దమనిషిని ఒకరిని దానికే పెట్టండి.

మొద్దు పోయాక జేసీబీతో మొదలు పెకిలిద్దామంటారు. వద్దు. ఆ పక్కనే నీళ్ల పైపు ఉంది, వేళ్లు దాన్ని చుట్టుకుని ఉండొచ్చు. లాగితే పైపూ వస్తుంది, ఊరికి నీళ్లు ఆగుతాయి, రోడ్డు అంచు కూడా కూలుతుంది. నేల మట్టానికి కోయించి వదిలేయండి. ఎత్తుగా మోడు వదిలితే రాత్రిపూట బైకు మీద వచ్చేవాడు దాన్ని గుద్దుకుంటాడు. నేల పగిలి లేచిన చోట మొరం పోసి, నీళ్లు కొట్టి, పొర పొరగా దిమ్మిస చేయించండి. చింత మొదలు మళ్లీ చిగురిస్తుంది, ఆ చిగుళ్లను ఊరివాళ్లు పప్పులోకి కోసుకుంటే మంచిదే. మళ్లీ చెట్టు కానివ్వకుండా ఏటా కొట్టేయండి, దాని కింది వేరు ఇక దన్ను ఇవ్వదు.

అమ్మగారికి ఇంకో మాట చెప్పండి. ఈ ఏడు కాయ ఇంకా దొరుకుతుంది. ఆ చెట్టు కాయల్లోంచే పిక్కలు తీసి ఉంచమనండి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి సంచుల్లో విత్తితే మొలుస్తాయి. చట్టం ప్రకారం కూడా కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు పెట్టాలి. రోడ్డు పక్కన, తీగల కింద పెట్టకండి. మీ పొలంలో బాయి దగ్గరో, కొట్టం వెనకో, ముప్పై నలభై అడుగుల ఖాళీ ఉన్న చోట ఆమె చేతనే పెట్టించండి. చింత మెల్లగా పెరుగుతుంది, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోసి మేకల నుంచి కాపాడితే తరువాత దాని సంగతి అది చూసుకుంటుంది. మొక్కలు రెండు జానలు అయ్యేసరికి మరుసటి వానాకాలం వస్తుంది, అప్పుడు నేలలో పెట్టండి.